ఉప్పుగాలిలో రైఫిల్: హ్యాండ్‌గార్డ్ కింద దాక్కునే తుప్పు

రైఫిల్ పాడైందంటే కాల్చి కాల్చి అరిగిపోయి ఉంటుందనుకోవడం మామూలే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో సంగతి వేరు. ఇక్కడి రైఫిళ్లలో ఎక్కువ భాగం ఆయుధాగారం ర్యాకులో నిలబడి ఉండేవి, కృష్ణపట్నం లాంటి రేవుల దగ్గర కాపలా సిబ్బంది భుజాన వేలాడేవి, కాలేజీల్లో ఎన్‌సీసీ కవాతుకు బయటికొచ్చేవి, చెక్‌పోస్టుల దగ్గర పగలంతా ఎండలో ఉండేవి. వీటిలో చాలావాటికి ఫైరింగ్ రేంజ్ మీద గడిచేది ఏడాదిలో కొద్ది రోజులే. మిగతా కాలమంతా వాటి మీద పనిచేసేది గాలి. అది పని మొదలుపెట్టేది కూడా కంటికి కనిపించని చోటే, తూటా దూసుకెళ్లే గొట్టమైన బ్యారెల్‌కూ, చెయ్యి పట్టుకోవడానికి దాన్ని కప్పిన తొడుగు హ్యాండ్‌గార్డ్‌కూ మధ్య సందులో.

పైన కవర్ నల్లగా, నిగనిగలాడుతూ ఉంటే లోపల కూడా అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. హ్యాండ్‌గార్డ్ గానీ, దాని మీద వేసే కవర్ గానీ కాపాడేది పట్టుకున్న చేతిని. బ్యారెల్‌ను కాపాడేది దాని పైపూత, ఆ పూత మీది పలచని నూనె పొర. ఈ తేడా మరిచిపోయి బిగించిన కవర్ తేమను లోపలే కట్టిపడేస్తుంది, తుప్పును కప్పిపుచ్చుతుంది. అందుకే ఈ తీరంలో హ్యాండ్‌గార్డ్‌ను ఎప్పుడు విప్పాలో కాల్చిన తూటాల లెక్కను బట్టి కాకుండా వాతావరణాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

హ్యాండ్‌గార్డ్ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. వేడెక్కిన ఇనుము చేతికి తగలకూడదు. చేతి పట్టు బ్యారెల్‌ను ఒక పక్కకు నెట్టకూడదు. మొదటిది అందరికీ తెలిసిందే. 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న లోహాన్ని అయిదారు సెకన్లు పట్టుకుంటే చాలు, చర్మం కాలుతుంది. అమెరికా ఎం4 తరగతి రైఫిల్‌తో ఆపకుండా 140 రౌండ్లు కాలిస్తే, ట్రిగ్గర్ నొక్కకుండానే ఛాంబర్‌లోని (పేలే ముందు తూటా కూర్చునే అరలోని) తూటా వేడికి పేలిపోయే స్థితి రావచ్చని అమెరికా సైన్యం మాన్యువల్ హెచ్చరిస్తుంది. ఆ స్థితిలో బ్యారెల్ వేడి 200 డిగ్రీల పైమాటే. ఒంగోలు, నెల్లూరు ఎండలకు మాత్రం ఒక్క రౌండ్ కూడా కాల్చక్కర్లేదు. రోహిణి కార్తెలో, అద్దాలు మూసి ఎండలో నిలిపిన జీపు సీటు మీద గంటసేపు వదిలేసిన నల్లటి అల్యూమినియం హ్యాండ్‌గార్డ్‌ను పట్టుకోగానే చెయ్యి వెనక్కి లాక్కోవాల్సి వస్తుంది. రబ్బరు కవర్లు ఇక్కడ అలంకారం కాదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

రెండోది అంతగా పట్టించుకోని విషయం. తూటా బయటికి వెళ్లేటప్పుడు బ్యారెల్ కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉంటేనే గురి ఒకేచోట పడుతుంది. ఉబ్బిన చెక్కో, ఒరిగిన ప్లాస్టిక్కో, అతిగా బిగించిన కవరో బ్యారెల్‌ను ఒకచోట తాకుతుంటే గురి పక్కకు జరుగుతుంది. డిసెంబరులో బాగా కొట్టిన రైఫిల్ మేలో గురి తప్పితే సైట్‌ను, అంటే గురి చూసే అమరికను, తిట్టుకుని, దాన్నే మళ్లీ మళ్లీ సరిచేస్తూ కూర్చోవడం కంటే ముందు చూడాల్సింది హ్యాండ్‌గార్డ్ ఎక్కడ తాకుతోందన్నది.

ఇక గాలి సంగతి. మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది తనంతట తానే నీటిని లాక్కుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది ఇందుకే. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు వైపు రాత్రిళ్లు తేమ ఆ మోతాదు దాటడం రోజూ జరిగే పనే. సముద్రపు గాలితో వచ్చి ఇనుము మీద వాలిన ఉప్పు రాత్రి నీరవుతుంది, పగలు ఎండుతుంది, మళ్లీ రాత్రి నీరవుతుంది. ఒక్క చినుకు పడకపోయినా ఇనుము రోజూ ఉప్పునీటిలో తడిసినట్టే. బయట ఉన్న ఇనుమును సెంట్రీ కనీసం చేత్తో తుడుస్తాడు. హ్యాండ్‌గార్డ్ కింద ఉన్నదాన్ని ఎవరూ తుడవరు. పైగా అక్కడికి గాలి తేలిగ్గా ఆడదు కాబట్టి చేరిన తేమ త్వరగా ఆరదు. పట్టుకున్న చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది, అదీ ఆ సందులోకే దిగుతుంది.

రాష్ట్రంలో మిగతా చాలా జిల్లాలకు నైరుతి వానలు ప్రధానమైతే, నెల్లూరుకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలే ముఖ్యం. వాయుగుండాలు, తుపాన్లు వచ్చేదీ అప్పుడే. ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు మార్కాపురం, దోర్నాల, గిద్దలూరు దాకా వెళ్తే గాలి పొడిబారిపోతుంది. ఒంగోలు ఆయుధాగారం నుంచి బందోబస్తు కోసం ఒక చెక్క హ్యాండ్‌గార్డ్ రైఫిల్ నల్లమల అంచుకు వెళ్లి కొన్ని వారాలు ఉండొస్తే, చెక్క తీరంలో పీల్చుకున్న తేమను అక్కడ వదిలేసి కుంచించుకుపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ ఉబ్బుతుంది. పగుళ్లు పుట్టేది ఈ రాకపోకల్లోనే. మధ్యలో చీమకుర్తి ఉంది. గెలాక్సీ గ్రానైట్ క్వారీల దగ్గర కాపలా కాసే తుపాకుల మీద వాలే దుమ్ము రోడ్డు దుమ్ము లాంటిది కాదు, రాతిపొడి. నూనెతో కలిస్తే అది సాన పట్టే ముద్దలా తయారై, కవర్ కదిలినప్పుడల్లా కింది పూతను కొద్దికొద్దిగా గీకేస్తుంది. అలాంటి చోట నూనె ఎంత తక్కువ రాస్తే అంత మంచిది.

చెక్కతో మొదలుపెడదాం, ఎందుకంటే చెప్పుకోవాల్సింది ఎక్కువ ఉన్నది దాని గురించే. మన పోలీసులు, ఎన్‌సీసీ తరాల తరబడి వాడిన .303 లీ ఎన్‌ఫీల్డ్, దాని 7.62 మి.మీ. వారసురాలు ఇషాపూర్ 2ఏ, 2ఏ1, ఆ చట్రంతోనే తయారైన పాత .410 మస్కెట్లు, అన్నిటికీ బ్యారెల్ చుట్టూ చెక్క ఉంటుంది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవాటి ముందు చెక్కలో చాలాసార్లు అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తుంది. మన దేశపు వేడికీ తేమకూ చెక్క చీలిపోకుండా పట్టి ఉంచేందుకు పెట్టిన ఏర్పాటు అది. చెక్క ఎక్కడ ఓడిపోతుందో తయారుచేసినవాళ్లకు అప్పుడే తెలుసన్నమాట.

.303లో పాత మోడల్ నంబర్ 1 మార్క్ 3 వెనక హ్యాండ్‌గార్డ్ తీరు గమనించదగ్గది. దానికి స్క్రూలు లేవు. చెక్క లోపలి వైపు రివెట్లు కొట్టిన స్ప్రింగ్ క్లిప్పులు బ్యారెల్‌ను కరిచిపట్టుకుంటాయి. వెనక సైట్‌కు రెండు పక్కలా చెక్క సన్నటి కొసలుగా సాగి ఉంటుంది. తీసేటప్పుడు ఒక పక్క నుంచి గోటితో పైకెత్తితే మొదట విరిగేది ఆ కొసే. రెండు బొటనవేళ్లూ రెండు పక్కలా ఆనించి, ఒకేసారి నిటారుగా పైకి లేపాలి. రాకపోతే బలం ఉపయోగించకూడదు. క్లిప్పులు తుప్పుపట్టి బ్యారెల్‌కు అతుక్కుని ఉంటాయి. క్లిప్పు అంచున రెండు చుక్కలు పలచటి నూనె వేసి, పూట ఆగి మళ్లీ ప్రయత్నిస్తే వస్తుంది. వచ్చాక బ్యారెల్ మీద చూస్తే క్లిప్పు పట్టిన చోట వెడల్పుగా రెండు పట్టీలు కనిపిస్తాయి. మిగతా బ్యారెల్ నీలి నలుపులో ఉన్నా ఆ పట్టీలు మాత్రం గోధుమరంగు తిరిగి ఉంటాయి. పట్టీ మీద గోరు జారిస్తే నున్నగా ఉందంటే మరకే, నూనె గుడ్డతో పోతుంది. గోరు తట్టుకుందంటే గుంట పడింది. అప్పుడది ఆర్మరర్, అంటే ఆయుధాలు బాగుచేసే నిపుణుడు, చూడాల్సిన విషయం.

ఇవన్నీ చేసే ముందు మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాలి, బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే ఇనుప ముక్క) వెనక్కి లాగి ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడాలి, చీకటిగా ఉంటే వేలుపెట్టి చూడాలి. తెలిసిందే కదా అని దీన్ని వదిలేసేవాళ్ల వల్లే శుభ్రం చేసేటప్పుడు తుపాకులు పేలుతుంటాయి.

తిరిగి బిగించేటప్పుడు చెక్క గట్టిగా కూర్చుంటే సంతోషించడం చాలామందికి అలవాటు. హ్యాండ్‌గార్డ్ విషయంలో అది సరైన గుర్తు కాదు. క్లిప్పులు తప్ప మిగతా చెక్క బ్యారెల్‌ను తాకకూడదు. సన్నటి కాగితపు పట్టీని చెక్కకూ బ్యారెల్‌కూ మధ్య దూర్చి లాగితే ఎక్కడా ఇరుక్కోకుండా జారిరావాలి. ముందు వెనకలకు వెంట్రుకవాసి ఆట ఉండాలి కూడా. ఎండాకాలంలో కొలిచి ఆ ఆట లేకుండా బిగించినది నవంబరులో ఉబ్బి, చోటు చాలక పగులుతుంది. అందుకే చెక్క సరిపోలేదని చెప్పి వానాకాలంలో ఉప్పుకాగితం పెట్టి రుద్దడం పొరపాటు. జనవరి దాకా ఆగి, పొడిగా ఉన్నప్పుడు చూసి అప్పుడు నిర్ణయించాలి. గీకేసిన చెక్క తిరిగి రాదు.

చెక్కకు ఏం రాయాలన్నది పాత ప్రశ్నే. ఆనాటి నుంచీ వాడుతున్నది అవిసె నూనె, హార్డ్‌వేర్ కొట్లలో లిన్‌సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది. బాయిల్డ్ అని అమ్మేదానిలో త్వరగా ఆరబెట్టే మందులు కలిపి ఉంటాయి కాబట్టి తొందరగా గట్టిపడుతుంది. ఏదైనా సరే పలచగా, కొద్దిగా తీసుకుని చెక్క వెచ్చబడేదాకా అరచేత్తో రుద్దడం, మిగిలినది పూర్తిగా తుడిచేయడం, ఆరాక మళ్లీ రుద్దడం. ఒకేసారి దట్టంగా పూస్తే పైన జిగట పొర కడుతుంది, ఒంగోలు ఎండకు అది చేతికి అంటుకుంటుంది, దుమ్మంతా పట్టుకుంటుంది. తేమ ఎక్కువగా దూరేది చెక్క కొసల నుంచి, అంటే నారలు అడ్డంగా తెగి బయటికి కనిపించే చోటు నుంచి. అందరూ పైన నిగనిగలాడేలా రుద్దుతారు, కొసల్నీ లోపలి వైపునూ వదిలేస్తారు. బయటి మెరుపు ఇన్‌స్పెక్షన్‌కు పనికొస్తుంది, చెక్కను నిలబెట్టేది మాత్రం కొసలకు పట్టించిన నూనె. నిజానికి అవిసె నూనె గాలిలోని తేమను పూర్తిగా ఆపలేదు, దాని రాకపోకల్ని నెమ్మదింపజేస్తుంది. టంగ్ ఆయిల్ ఈ విషయంలో మెరుగే గానీ దొరకడం కష్టం, ఖరీదూ ఎక్కువే.

ఈ నూనె వాడే చోట ఒక జాగ్రత్త తప్పనిసరి. అవిసె నూనెతో తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె గాలితో కలిసి ఆరుతూ పుట్టించే వేడి ఆ ఉండలోంచి బయటికి పోలేక గుడ్డలు వాటంతట అవే అంటుకోవచ్చు. ఇది కాకమ్మ కథ కాదు, ప్రపంచమంతటా వడ్రంగి షెడ్లలో అగ్నిప్రమాదాలకు తెలిసిన కారణం. వాడిన గుడ్డను పరిచి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి. తూటాల పెట్టెలున్న గదిలో అయితే మరీ జాగ్రత్త.

బ్యారెల్‌కు రాసే రైఫిల్ నూనె మాత్రం చెక్కకు శత్రువు. అది చెక్కలోకి ఇంకితే ఆరదు, నారల్ని మెత్తబరుస్తుంది, నల్లగా చేస్తుంది. బాగా కాపాడాలన్న ఆత్రంతో నూనె ఓడేలా రాసి ర్యాకులో నిలబెడితే అది బ్యారెల్ వెంట దిగి చెక్కలోకే చేరుతుంది. అలా నూనె తాగిన హ్యాండ్‌గార్డ్‌కు సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి ముద్దలా పట్టించి ఎండలో పెడితే పొడి నూనెను పైకి లాగుతుంది. పొడి రంగు మారినప్పుడల్లా దులిపి మళ్లీ పట్టించాలి. విసుగుపుట్టే పని, కానీ ఫలితం కళ్లకు కనిపిస్తుంది.

రిపబ్లిక్ డే ముందు కవాతు రిహార్సల్స్‌లో చెక్కకు వేరే కష్టం ఉంటుంది. సలామీ శస్త్ర్ (ఆయుధంతో వందనం చేయమనే ఆదేశం) చెప్పినప్పుడు అరచెయ్యి చెక్క మీద టప్పున పడాలి. చప్పుడు ఎంత గట్టిగా వస్తే కవాతు అంత బాగున్నట్టు. ఆ దెబ్బలకు డ్రిల్ రైఫిళ్ల హ్యాండ్‌గార్డులు వదులవుతాయి, కొసలు చిట్లుతాయి. వాటికి బూట్ పాలిష్ రాసి మెరిపిస్తే పగులు ఆ రంగులో కలిసిపోయి కనబడకుండా పోతుంది. పాలిష్ మైనం వల్ల చెక్కకు వచ్చే నష్టం కంటే దాచిపెట్టడం వల్ల వచ్చే నష్టమే పెద్దది.

పగులు అతికించేటప్పుడు మామూలు వడ్రంగి తెల్ల జిగురు వాడకూడదు. వేడికి అది మెత్తబడుతుంది, బ్యారెల్ పక్కన ఉన్న చెక్కకు వేడి తప్పదు కదా. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ నయం. నారల వెంట నిలువుగా వచ్చిన సన్నటి పగులును అతికించి వాడొచ్చు. క్లిప్పు రివెట్ల నుంచి మొదలై అడ్డంగా సాగిన పగులు ఉన్న ముక్కను పక్కనపెట్టి మరొకటి తెప్పించుకోవడమే మేలు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే పనివాళ్లకు చూపించినా అదే మాట చెబుతారు: నార అడ్డంగా తెగిన చెక్క అతుక్కున్నట్టు కనిపిస్తుందే గానీ బలం రాదు.

ప్లాస్టిక్ హ్యాండ్‌గార్డుల గురించి ఇంత చెప్పుకోనక్కర్లేదు. మన దేశపు ఇన్సాస్ రైఫిళ్లవి, కొత్త ఏకే రైఫిళ్లవి ఉబ్బవు, కుళ్లవు. పాత ఏకేల్లో చెక్కే ఉంటుంది, పొరలు పొరలుగా అతికించినది కాబట్టి ఒంటి చెక్క కంటే గట్టిది. ఏకేలో కింది ముక్కను ముందున్న చిన్న లీవర్ తిప్పి తీస్తారు. పై ముక్క గ్యాస్ ట్యూబుకు (బ్యారెల్ పైన ఉండే సన్నటి గొట్టానికి) పట్టుకుని ఉంటుంది, సగం చుట్టు తిప్పితే ఊడొస్తుంది. లీవర్ బిగుసుకుంటే సుత్తితో కొట్టడం కనిపిస్తుంటుంది. అలా కొట్టినప్పుడు లీవర్ కంటే ముందు దాని పట్టీ వంగుతుంది, అప్పటి నుంచి హ్యాండ్‌గార్డ్ గడగడలాడుతూనే ఉంటుంది. ప్లాస్టిక్‌ను పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడవడం మానాలి, సబ్బు నీళ్లు చాలు. నెల్లూరు కాబట్టి దోమల ప్రస్తావన లేకుండా ఎలా? చేతులకు రాసుకునే దోమల మందుల్లో డీట్ అనే రసాయనం ఉన్నవి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, వార్నిష్‌ను, పెయింట్‌ను కరిగిస్తాయి. నైలాన్‌కు ఏమీ కాదు. హ్యాండ్‌గార్డ్ ఏ ప్లాస్టిక్కో చూసి చెప్పడం కష్టం కాబట్టి రాత్రి డ్యూటీలో మందు రాసుకున్న చేతులు తుడుచుకుని రైఫిల్ పట్టుకోవడమే తేలిక.

ఇప్పటి రైఫిళ్లలో అల్యూమినియం హ్యాండ్‌గార్డ్ మీద రైలు ఉంటుంది, అంటే టార్చి, సైట్, ముందు పిడి లాంటివి తగిలించుకోవడానికి వరసగా గాళ్లు తీసిన పట్టీ. 1995లో అమెరికా సైన్యం ప్రమాణంగా చేసిన పికాటినీ రైలులో ఒక్కో గాడి వెడల్పు 5.23 మి.మీ., ఒక గాడి మధ్య నుంచి పక్క గాడి మధ్యకు 10.01 మి.మీ. దూరం. మన త్రివిధ దళాల కోసం 2019లో 72,400 దాకా కొన్న సిగ్ 716 రైఫిళ్ల లాంటివాటికి ఈ రైలు ఉంటుంది. పాత ఏకేలకు రైలున్న హ్యాండ్‌గార్డులు బిగించడం కూడా ప్రత్యేక దళాల్లో కనిపిస్తోంది. రైలు అంచులు పదునుగా ఉంటాయి, చొక్కా చేతుల్నీ అరచేతినీ గీస్తాయి. కవర్ అవసరం అక్కడే పుట్టింది.

కవర్లు ముఖ్యంగా రెండు రకాలు. నిచ్చెన మెట్లలా ఉండి ప్రతి మెట్టూ ఒక గాడిలో కూర్చునే రబ్బరు పట్టీ ఒకటి. రైలు మీదుగా ముందు నుంచి జారించే గట్టి ప్లాస్టిక్ పలక రెండోది. పలక పట్టుకోవడానికి నిండుగా ఉంటుంది, వేడిని ఇంకా బాగా ఆపుతుంది. కానీ దాన్ని వేయాలన్నా తీయాలన్నా దాని దారిలో ఉన్న ముందు సైట్‌ను విప్పాల్సిందే, విప్పితే గురి మళ్లీ సరిచూసుకోవాల్సిందే. అంత కష్టమైన కవర్‌ను తరచూ ఎవరూ తీయరు. తీయని కవర్ కింద ఏం జరుగుతుందో ముందే చెప్పుకున్నాం. కాబట్టి ఈ తీరానికి నిచ్చెన పట్టీయే నయం. కాస్త పలచన, కాస్త వేడి తెలుస్తుంది, కానీ గోటితో ఒక కొస లేపితే అరనిమిషంలో ఊడొస్తుంది.

నిచ్చెన పట్టీ బిగించడంలో ఎక్కువమంది చేసే తప్పు సాగదీయడం. పొడవు చాలకపోతే రబ్బరును లాగి చివరి మెట్టును గాడిలోకి నొక్కేస్తారు. ఆ రోజుకు బాగానే ఉంటుంది. నాలుగు రోజుల్లో రబ్బరు తన పొడవుకు తాను వచ్చేస్తుంది, కొస పైకి లేస్తుంది, ఆ సందులో ఇసుక చేరుతుంది. పట్టీ తన సహజ పొడవులో ఎన్ని గాళ్లు కప్పితే అన్నే కప్పాలి. కత్తిరించేటప్పుడు మెట్టు మీద కాకుండా రెండు మెట్ల మధ్య పలచగా ఉన్న చోట, పట్టీని తిరగేసి కింది వైపు నుంచి కొత్త బ్లేడుతో కోయాలి. ఎక్కేందుకు మొరాయిస్తే నూనె రాయకూడదు. కొన్ని రబ్బర్లు నూనె తాగి ఉబ్బుతాయి, ఉబ్బకపోయినా పట్టు జారుతుంది. రెండు చుక్కల సబ్బు నీళ్లు చాలు, ఎక్కించాక ఆరనివ్వాలి. టార్చి, స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) కొక్కెం ఉండే చోట గాళ్లు ఖాళీగా వదలాలి, కొక్కెం కింద రబ్బరు నలిగితే అది ఎప్పటికీ బిగుసుకోదు. ప్లాస్టిక్ పలక వేసేటప్పుడు చివర ఒక మిల్లీమీటరు సందు వదలడం మంచిది. 40 డిగ్రీల వేడి పెరిగితే 30 సెం.మీ. మామూలు ప్లాస్టిక్ దాదాపు అంత సాగుతుంది, కింద ఉన్న అల్యూమినియం అందులో మూడో వంతు కూడా సాగదు.

రైలు పక్కన ఉండే రంధ్రాల్ని మూసేలా కవర్ వేయకూడదు. అవి వేడి, ఆవిరి బయటికి పోయేందుకే ఉన్నాయి. కవర్ కొనే ఓపిక లేక సైకిల్ ట్యూబు ముక్కో, క్రికెట్ బ్యాట్ గ్రిప్పో, నల్ల ఇన్సులేషన్ టేపో చుట్టడం కూడా ఉంది. పట్టు బాగానే ఉంటుంది, కాదనలేం. కానీ అవి రంధ్రాలన్నిటినీ మూసేస్తాయి, చెమట లోపలికి దిగాక బయటికి వచ్చే దారి ఉండదు. టేపు జిగురు ఎండకు కరిగి గాళ్లలోకి పారుతుంది, దాన్ని గీకడానికి పట్టే సమయంలో అసలు కవర్లు పది బిగించొచ్చు.

అల్యూమినియానికి తుప్పు పట్టదన్న నమ్మకం సగం నిజం. ఎర్ర తుప్పు పట్టదు. కానీ ఉప్పునీరు మధ్యలో ఉండగా అల్యూమినియం, ఉక్కు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది. హ్యాండ్‌గార్డ్ ఉక్కు నట్‌ను కలిసే చోట, ఉక్కు స్క్రూలు దిగిన చోట తెల్లటి పొడి కనిపిస్తే అదే. పైపూత గీసుకుపోయిన దగ్గర ఇది త్వరగా మొదలవుతుంది. విప్పినప్పుడు ఆ కలిసే చోట పలచగా గ్రీజు రాస్తే ఆగుతుంది. స్క్రూలు తిరిగి బిగించాక స్క్రూ తల మీదుగా హ్యాండ్‌గార్డ్ మీదికి సన్నగా ఒక తెల్ల పెయింట్ గీత గీసి ఉంచడం ఆర్మరర్ల పాత పద్ధతి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే స్క్రూ వదులైందని డ్యూటీ మారేటప్పుడు ఒక్క చూపులో తెలుస్తుంది.

ఎన్నాళ్లకోసారి విప్పాలి? సముద్రానికి దగ్గరలో డ్యూటీ చేసే రైఫిల్ నిచ్చెన కవర్లను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారం వారం తీసి, తుడిచి, ఆరబెట్టి వేయాలి. మిగతా నెలల్లో నెలకోసారి చాలు. తేలిగ్గా ఊడే హ్యాండ్‌గార్డ్ అయితే వానాకాలంలో నెలకోసారి లోపల చూడాలి. చెక్కదాన్ని మరీ తరచుగా తీస్తే తీయడం వల్లే కొసలు విరుగుతాయి కాబట్టి వానల ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి చాలు. బ్యారెల్‌ను సరిచేసి పట్టుకునే స్క్రూలున్న అల్యూమినియం హ్యాండ్‌గార్డ్‌ను సిపాయి విప్పకూడదు, అది టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా) ఉన్నవాళ్ల పని. పడమటి మండలాల్లో ఈ గడువులన్నీ రెట్టింపు చేసుకున్నా నష్టం లేదు, దుమ్ము దులపడం తప్ప.

లైసెన్స్ తుపాకులున్నవాళ్లది ఇంకో ఇబ్బంది. వాళ్ల దగ్గర ఉండేది ఎక్కువగా 12 బోరో, .315 స్పోర్టింగ్ రైఫిలో, ముందు చెక్క ఉన్నవే. ఎన్నికల కోడ్ రాగానే వాటిని స్టేషన్లో జమ చేయిస్తారు. 2024లో కోడ్ మార్చి 16 నుంచి జూన్ 6 దాకా నడిచింది, అంటే దాదాపు మూడు నెలలు. ఎక్కువమంది తుపాకీని రెక్సిన్ సంచీలోనో తోలు సంచీలోనో పెట్టి ఇచ్చేస్తారు. నిల్వ చేయడానికి అంతకంటే చెడ్డ చోటు లేదు. రెక్సిన్ తేమను బయటికి పోనివ్వదు. తోలును పదును చేయడానికి వాడిన ఉప్పులు ఇనుమును తింటాయి. ఇచ్చే ముందు బ్యారెల్‌కు పలచగా నూనె రాసి, చెక్క తుడిచి, గాలి ఆడే నూలు గుడ్డలో చుట్టి ఇవ్వడం మంచిది. చెక్కకు నూనె పట్టించడం, తుడవడం యజమాని చేసుకోవచ్చు. అంతకు మించి మరమ్మతు చేయించాలంటే లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గరికే వెళ్లాలి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తయారీ, అమ్మకంతో పాటు మరమ్మతుకూ లైసెన్స్ అడుగుతుంది. ఊళ్లో పనిమంతుడైన వడ్రంగికి చెక్క మీద ఎంత పట్టున్నా తుపాకీ అతని చేతికి ఇవ్వకూడదు.

చివరగా, తుపాను వచ్చినప్పుడు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైల్వే కట్టే కొట్టుకుపోయింది. అలాంటి వరదలో మునిగిన ఆయుధాన్ని ముందు ఎండబెట్టాలని తొందరపడతారు. చేయాల్సిన మొదటి పని మంచినీళ్లతో కడగడం. బురదా ఉప్పూ పోకుండా ఆరబెడితే అవి లోపలే గట్టిపడతాయి. కవర్లు, హ్యాండ్‌గార్డ్ తీసేసి, బ్యారెల్ కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి అదే రోజు నూనె రాయాలి. రబ్బరు కవర్లను సబ్బు నీళ్లలో కడిగి విడిగా ఆరేయాలి. నీళ్లు పట్టిన నూనె పొర మీద కొత్త నూనె రాసి లాభం లేదు, పాతదాన్ని పూర్తిగా తీసేశాకే కొత్తది పూయాలి. చెక్క ముక్కల్ని మాత్రం ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ పెట్టకూడదు. పై పొర ఎండి ముడుచుకుంటుంటే లోపలి తడి దాన్ని పగలగొడుతుంది. నీడలో, గాలి ఆడే చోట, రెండు పుల్లల మీద ఆనించి, రోజుకోసారి తిప్పుతూ రెండు మూడు వారాలు వదిలేయాలి. బరువు తూచి చూసుకుంటూ, వరసగా రెండు మూడు రోజులు తగ్గకుండా ఆగితే ఆరినట్టు. అప్పటిదాకా రైఫిల్‌ను హ్యాండ్‌గార్డ్ లేకుండా ర్యాకులో ఉంచాల్సి వచ్చినా ఉంచాలి గానీ తడి చెక్కను తొడిగి డ్యూటీకి పంపకూడదు.